ఫర్యాద్‌కీ ఫిర్యాదుకీ మధ్య

మార్చి 8న కాలేజీలో మీటింగంటే ఎవరు దేని మీద మాట్లాడతారో గేటు దగ్గరే చెప్పేయొచ్చు. తెలుగు మేడమ్ ‘సాహిత్యంలో స్త్రీ’. హిస్టరీ మేడమ్ ‘జాతీయోద్యమంలో మహిళలు’. కామర్స్ మేడమ్ ‘ఉద్యోగినుల సమస్యలు’. బాటనీ చెప్పే మా ఆపాకి మాత్రం ‘ఇస్లాంలో స్త్రీ’. ఆమె పీహెచ్‌డీ చేసింది చెరువుల్లో పెరిగే నాచు మీద. ఖురాన్ మీద కాదు. అయినా ఏటా ఆ టాపిక్ ఆమెదే.

కొన్నేళ్ళ కింద అలాంటి ఒక మీటింగుకి విలేకరిగా వెళ్ళాను. ఆపా లేచి తన ఖాలా కథ చెప్పింది. మూడు మాటలతో మొగుడు వదిలేస్తే మిషన్ కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన ఖాలా. నిజమైన కథే. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు బాగా మోగాయి. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పించారు.

తర్వాత మెట్ల మీద చాయ్ తాగుతూ ఆమె ఉర్దూలో నాతో చెప్పింది వేరు. నాలుగేళ్ళ నుంచి ఫీల్డ్ ట్రిప్పులకి ఆమె పేరు వెయ్యడం లేదు. ఎందుకని అడిగితే హెడ్డు గారు, “మీ ఇంట్లో పంపరు కదమ్మా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని” అన్నాడట. ఇంట్లో ఎవరినీ ఎవరూ అడగలేదు. ఆమె భర్త బస్ స్టాండు దాకా దింపి వచ్చేవాడే. ట్రిప్పులు లేకపోతే నమూనాలు లేవు, నమూనాలు లేకపోతే పేపర్లు లేవు, పేపర్లు లేకపోతే ప్రమోషన్ లేదు. “క్యా బోల్నా ఆపా, ఇతనా సా బాత్ హై” అంది. ఏం చెప్పాలి, ఇంతే కదా సంగతి అని.

నా దగ్గర ఆ రోజు రెండు నోట్‌బుక్కులున్నాయి. ఒకటి తెలుగు పేపరుకి, ఇంకోటి ఉర్దూ అఖ్బారుకి. రెంటిలోనూ ఖాలా కథ రాసుకున్నాను. మెట్ల మీది మాట రెంటిలోనూ రాయలేదు. అది వార్త అనిపించలేదు నాకు. ఈ వ్యాసం ఆ తప్పు దగ్గర మొదలవుతోంది.

ఉర్దూలో ‘ఫర్యాద్’ అని ఒక మాట ఉంది. ఫారసీ నుంచి వచ్చింది. ఏడుపు, మొర, ఆర్తనాదం. గజళ్ళ నిండా ఉంటుంది. అదే మాట కచేరీల దారిన తెలుగులోకి దిగి ‘ఫిర్యాదు’ అయింది. మనకి ఫిర్యాదంటే కాగితం. తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది, తీసుకున్నవాడు ముద్ర వేసి ఇవ్వాలి. ఒకే మాట, రెండు భాషల్లో రెండు బతుకులు. చదువుకుని, పాఠాలు చెప్పే ముస్లిం స్త్రీ జెండర్ గురించి నోరు తెరిస్తే మన విద్యాసంస్థలు ఆమె నుంచి ఏం ఆశిస్తున్నాయో ఈ రెండు మాటల మధ్య కనిపిస్తుంది. ఆమె ఫర్యాద్ అందరికీ కావాలి. ఆమె ఫిర్యాదు ఎవరికీ అక్కర్లేదు.

అసలు ఆ చోట ఆడవాళ్ళు ఎట్లా మాట్లాడుకుంటారో చూడాలి. లేడీస్ స్టాఫ్ రూమ్ అనే గది మన కాలేజీల్లో ఒక వింత లోకం. టిఫిన్ డబ్బాలు తెరుచుకునేది అక్కడే, ఎవరి మీద ఎవరి చూపు ఎట్లా ఉందో ఒకరికొకరు హెచ్చరికలు చేసుకునేదీ అక్కడే. కొత్తగా చేరిన అమ్మాయికి “ఆ సార్ గదికి వెళ్ళేటప్పుడు తలుపు తీసే ఉంచు” అని ఒక మాట అందుతుంది. అంతే. ఎందుకో ఎవరూ చెప్పరు, ఆమె అడగదు. ‘జెండర్’ అన్న మాట ఆ గదిలో వినపడదు. అది సెమినార్ హాలులో, బ్యానరు మీద, ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ‘లింగ వివక్ష’ అని రాస్తారు గానీ క్లాసులో పైకి అనడానికి మేడమ్‌లే మొహమాటపడతారు. ఉర్దూలో ‘సిన్ఫ్’ అంటారు. తమాషా ఏమిటంటే, సాహిత్య ప్రక్రియకూ ఉర్దూలో ‘సిన్ఫ్’ అనే పేరు. గజల్ ఒక సిన్ఫ్, మర్సియా ఒక సిన్ఫ్, ఆడది ఒక సిన్ఫ్. ఆమెకి ‘సిన్ఫ్-ఎ-నాజుక్’ అని ఒక బిరుదు కూడా ఇచ్చారు, నాజూకు జాతి అని. గజల్‌కి ఛందస్సు కట్టినట్టు ఆమెకీ కట్టారు!

వ్యాకరణం దగ్గరే చాలా జరిగిపోతుంది. ఒక కాలేజీ ఆఫీసులో కూచుని గంటసేపు విన్నాను. “ప్రిన్సిపాల్ సార్ వచ్చారు”, “మాథ్స్ సార్ బయటికెళ్ళారు”. “మేడమ్ వచ్చింది”, “మేడమ్ లీవు పెట్టింది”. ఎదురుగా ఉంటే “మేడమ్, రండి” అనే మనిషే, ఆమె గుమ్మం దాటగానే ‘వచ్చింది’లోకి దిగిపోయాడు. బస్సు వచ్చింది, కరెంటు వచ్చింది, మేడమ్ వచ్చింది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఒక ‘రు’ దక్కలేదు. ఈ సంగతి చెప్తే ఒక స్నేహితురాలు నవ్వింది. తర్వాత వారం ఫోన్ చేసి, తన నోట్లోనూ అదే ఉందని, ఆ రోజు నుంచి పట్టి పట్టి మాట్లాడుతున్నానని చెప్పింది.

హైదరాబాదీ ఉర్దూలో ఇంకో చిక్కుంది. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ‘నేను’ అనరు. ‘హమ్’ అంటారు. ‘హమ్ గయే థే’ అంటే మేం వెళ్ళాం అని. వెళ్ళింది ఒక్కతే. క్రియ మాత్రం మగ బహువచనం. అది అదబ్, అది అలవాటు. కానీ ఫిర్యాదుకి ‘నేను’ కావాలి. ఒక అధ్యాపకురాలు విచారణ కమిటీ ముందు తెలుగులో “మాకు చాలా ఇబ్బందిగా ఉంది సార్” అందట. “మాకు అంటే ఎవరెవరికి? మిగతావాళ్ళ పేర్లు చెప్పండి” అన్నారట. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మిగతావాళ్ళెవరూ లేరు, తనొక్కతే. ఉర్దూ మర్యాద తెలుగు కాగితం మీద అబద్ధమైపోయింది.

సెక్యులర్ కాలేజీ గురించే చెప్పి ఊరుకుంటే సగం నిజం. మన కౌమ్ పెద్దలు నడిపే కాలేజీల్లో మన ఆడవాళ్ళు ఎట్లా మాట్లాడతారు? అక్కడ ‘లిహాజ్’ ఉంది. పెద్దవాళ్ళ ముందు, ఉపకారం చేసినవాళ్ళ ముందు ఉండాల్సిన అణకువ. ఒక ప్రైవేటు మైనారిటీ కాలేజీలో పనిచేసే అమ్మాయి చెప్పింది. గర్భంతో ఉన్నానని చెప్తే కరస్పాండెంటు సాబ్ దువా చేసి, “హాయిగా ఇంట్లో ఉండు బేటా, కాన్పయ్యాక వచ్చి కలువు” అన్నాడట. ప్రసూతి సెలవు చట్టం 1961 నుంచీ ఉంది. 2017లో దాన్ని 26 వారాలకి పెంచారు. బేటా అన్నాక ఇంక చట్టం ఎక్కడిది? కూతురు తండ్రిని సెలవు జీతం అడుగుతుందా? కాన్పయ్యాక వెళ్తే ఆ కుర్చీలో ఇంకో బేటా ఉంది. “బయట చెప్పుకుంటే ఇదారా బద్నాం అవుతుంది ఆపా, మనకున్నవే రెండు మూడు కాలేజీలు” అంది ఆ అమ్మాయి. నన్ను వారించడం కాదు, తనను తనే వారించుకుంటోంది.

ఇక్కడ బద్నామీ, అక్కడ జాలి. లిహాజ్‌కి తెలుగులో సరైన మాట కోసం వెతికితే నాకు దొరికింది ‘సర్దుకుపోవడం’. అర్థం ఒకటి కాదు, చేసే పని ఒకటే.

ముస్లిం పంతులమ్మకి ఇది నిన్నటి సంగతి కాదు. 1856 అక్టోబరులో సావిత్రిబాయి ఫూలే జబ్బు పడి పుట్టిల్లు నయ్‌గావ్‌లో ఉంది. పుణెలో ఉన్న జోతిబాకి మరాఠీలో ఉత్తరం రాసింది. అందులో ఫాతిమా ప్రస్తావన ఉంది. తను లేకపోవడంతో ఫాతిమాకి పని భారం ఎక్కువై ఉంటుందని, అయినా ఆమె అర్థం చేసుకుంటుందని, సణగదని సావిత్రిబాయి రాసింది. ఫాతిమా షేక్ గురించి మనకి దొరికే సమకాలీన ఆధారాల్లో ముఖ్యమైనది ఈ రెండు వాక్యాలే. ఆమె రాసిన ఉత్తరం మన చేతికి రాలేదు. 2022 జనవరి 9న గూగుల్ ఆమె బొమ్మ పెట్టింది. పుట్టినరోజు పేరుతో మనవాళ్ళు సభలు పెడుతున్నారు. అసలు అలాంటి మనిషే లేదని ఈమధ్య వాదించినవాళ్ళూ ఉన్నారు. ఉందనడానికి మనం చూపించే కాగితం ఆ ఉత్తరమే.

సావిత్రిబాయిని నేను తప్పు పట్టడం లేదు. అది ప్రేమతో, నమ్మకంతో రాసిన మాట. తోటి ఉద్యోగిని కష్టాన్ని మంచంలో ఉండి కూడా తలుచుకున్న మాట. మనం అంటించుకోవలసింది ఆ తలపుని. కానీ మనం అంటించుకున్నది రెండో సగాన్ని. సణగదు! ఈ దేశంలో ముస్లిం ఉపాధ్యాయిని కాగితం మీద కనబడే తొలి చోట్లలోనే, పని ఎక్కువైందన్న నిజమూ, ఆమె ఏమీ అనదన్న భరోసా పక్కపక్కన ఉన్నాయి. ఫాతిమా నిజంగా సణగలేదా? సణిగితే ఏమని సణిగి ఉంటుంది, ఏ భాషలో? మన సభల్లో ఆమెను పొగిడేవాళ్ళు ఈ ప్రశ్న వెయ్యగా నేను వినలేదు. త్యాగమూర్తి అంటారు, దండ వేస్తారు.

దక్కన్‌లోనూ మనకి వెనక ఎవరూ లేరని కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. 1924లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. రఫియా సుల్తానా, జీనత్ సాజిదా లాంటి వాళ్ళు ఉస్మానియాలో ఉర్దూ పాఠాలు చెప్పారు. ఇప్పుడు లెక్క చూస్తే? ఉన్నత విద్య మీద కేంద్రం చేసే సర్వే ప్రకారం 2020-21లో దేశంలోని కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకుల్లో ముస్లింలు 5.6 శాతం. 2011 జనగణనలో జనాభాలో మనం 14.2 శాతం. ప్రతి వంద మంది మగ అధ్యాపకులకి ఆడవాళ్ళు 75 మంది అని అదే సర్వే చెప్తోంది. స్టాఫ్ రూములో మా ఆపా ఒక్కతే ఎందుకుంటుందో ఈ అంకెల్లో ఉంది. ఒక్కతే ఉన్న మనిషి ఏం మాట్లాడినా జాతి మొత్తం మాట్లాడినట్టే లెక్క. కామర్స్ మేడమ్ తన మొగుడి గురించి చెప్తే అది ఆమె మొగుడి కథ. మా ఆపా చెప్తే అది ఇస్లాం.

అందుకే ఆమె నోరు కట్టేసుకుంటుంది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్‌ని కొట్టేసింది. 2019లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ఆ రెండేళ్ళూ మా ఆపాలకి ఎంత డిమాండు! చర్చకి రమ్మని, అభిప్రాయం చెప్పమని. అవునంటే ఒకరికి సాక్ష్యం, కాదంటే ఇంకొకరికి సాక్ష్యం. ఫీల్డ్ ట్రిప్పు సంగతి చెప్పబోతే మాత్రం “అది డిపార్ట్‌మెంట్ విషయం కదా” అంటారు.

ఈ కిటుకుని కనిపెట్టింది నేను కాదు. 1994లోనే మన హైదరాబాదు నుంచి సూసీ తారు, తేజస్విని నిరంజన కలిసి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశారు, సమకాలీన జెండర్ సిద్ధాంతానికి ఎదురైన చిక్కుల మీద. మండల్ వ్యతిరేక ఆందోళనలో రోడ్డెక్కిన అమ్మాయిల దగ్గర్నుంచి చుండూరు, సారా ఉద్యమం దాకా తీసుకుని, ఏ విశేషణమూ లేకుండా ‘స్త్రీ’ అన్నప్పుడు ఆమె అగ్రవర్ణ, మధ్యతరగతి, హిందూ స్త్రీయే అవుతోందని తేల్చారు. నా లెక్కలో అది ధైర్యమైన ఆత్మవిమర్శ. దాన్ని పాఠంగా చెప్పే కాలేజీల్లో కూడా మార్చి 8 జాబితా అట్లాగే ఉంది. సిద్ధాంతం సెమినార్ హాలు దాటి టైమ్ టేబుల్ దాకా రాలేదు. హిందూ మేడమ్‌ని ‘హిందూమతంలో స్త్రీ’ మీద మాట్లాడమని ఏ కాలేజీ అయినా పిలిచిందేమో, చూసినవాళ్ళు నాకు చెప్పండి.

మరి చట్టాలో? 1992లో రాజస్థాన్‌లో ప్రభుత్వ పథకంలో సాథిన్‌గా పనిచేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకున్నందుకు భంవరీ దేవిపై జరిగిన దుర్మార్గం నుంచి 1997లో విశాఖ తీర్పు వచ్చింది. 2013లో చట్టం అయింది. యూజీసీ 2015 నిబంధనలు 2016 మేలో గెజిట్‌కి ఎక్కాయి. వాటిని ఓపిగ్గా చదివితే ఒక చోట నేను ఆగిపోయాను. ప్రాంతం, వర్గం, కులం, మైనారిటీ అస్తిత్వం లాంటివి తోడైతే స్త్రీ వేధింపుకి గురయ్యే ప్రమాదం పెరుగుతుందని, ఫిర్యాదు చెయ్యడం ఆమెకి మరీ కష్టమవుతుందని ఆ నిబంధనలే ఒప్పుకున్నాయి. గెజిట్‌లో మన పేరుంది! నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు చూశాను చాలా చోట్ల. ఈ వాక్యం అంటించిన బోర్డు నాకు కనపడలేదు.

చట్టం ఫిర్యాదు రాతలో ఉండాలంటుంది, జరిగిన మూడు నెలల్లోపు. రాయలేకపోతే కమిటీయే సాయం చెయ్యాలని కూడా అంటుంది. అదంతా లైంగిక వేధింపుకి. ట్రిప్పు జాబితాలోంచి పేరు తీసెయ్యడానికి, బేటా అని ఇంటికి పంపడానికి ఆ కమిటీలో చోటు లేదు. తలుపు తీసి ఉంచమన్న హెచ్చరిక కూడా అక్కడిదాకా రాదు. 2017 అక్టోబరులో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, వేధించేవాళ్ళంటూ దేశంలోని పలువురు ఆచార్యుల పేర్లతో జాబితా బయటపెట్టినప్పుడు స్త్రీవాదుల్లోనే చీలిక వచ్చింది. పద్ధతి ప్రకారం విచారణ జరగాలని పెద్దవాళ్ళు, ఆ పద్ధతి తమకి ఏనాడు అందిందని చిన్నవాళ్ళు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. పేరు లేని ఆరోపణకి మనిషిని బలి ఇవ్వడం నాకు నచ్చదు. మన కౌమ్‌కి ఆ బాధ తెలుసు, పేరు చూసి పట్టుకుపోయిన పిల్లల తల్లులు మన వాడల్లో ఉన్నారు. అయినా నా మనసు చిన్నవాళ్ళ వైపే మొగ్గుతుంది. పీరియడ్‌కింత అని కూలి తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కి పద్ధతి నడిచే ఆరు నెలలు ఎవరు తిండి పెడతారు? సంతకం పెట్టిన మర్నాడు ఆమెకి పీరియడ్లు ఉండవు. ఎవరూ తీసెయ్యరు, పిలవరు అంతే.

పిలవకముందే తను వెళ్ళిపోయిన మనిషి గురించి కూడా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో, కర్ణాటకలో హిజాబ్ గొడవ నడుస్తుండగా, తుమకూరులో ఒక ఇంగ్లీషు అధ్యాపకురాలు రాజీనామా చేసింది. మూడేళ్ళుగా హిజాబ్‌తోనే పాఠం చెప్పాననీ, తీసెయ్యమనడం ఇదే మొదటిసారనీ, ఇది తన ఆత్మగౌరవానికి సంబంధించినదనీ చెప్పింది. ఆమె మతం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఉద్యోగి భాషలో మాట్లాడింది. ఇన్నాళ్ళు లేని షరతు ఇప్పుడెందుకు అని. పని షరతులు మధ్యలో మార్చొద్దన్నది ఏ యూనియన్ నాయకుడైనా అనే మాట. మన అధ్యాపక సంఘాలు ఆమె మాటని ఆ భాషలో విన్నాయా? టీవీలు విన్నది గుడ్డ గురించి. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలూ రెండు తీర్పులిచ్చారు.

ఇక మన ఇంటి సంగతి. తెలుగులో ‘పుట్టుమచ్చ’ 1991లో, ‘నీలిమేఘాలు’ 1993లో, ‘జల్‌జలా’ 1998లో వచ్చాయి. ‘వతన్’ కథలు 2004లో, షాజహానా ‘నఖాబ్’ 2005లో. వీటితో పెరిగినదాన్ని నేను. నాకు నోరిచ్చినవి ఇవే. కానీ మనం రాసుకున్న ముస్లిం స్త్రీ ఎక్కడుంది? నేను చదివినంతలో ఎక్కువగా వంటింట్లో, మిషన్ ముందు, సౌదీ నుంచి ఫోన్ కోసం ఎదురు చూస్తూ. అమ్మీ, నానీ, ఖాలా. వాళ్ళ పేదరికం నిజం, వాళ్ళని రాయాల్సిందే. హాజరు పట్టీ పట్టుకుని మెట్లెక్కే స్త్రీ, ఇన్విజిలేషన్ డ్యూటీలో జొహర్ నమాజ్‌కి పది నిమిషాలు అడగాలా వద్దా అని తన్నుకులాడే స్త్రీ, సర్వీసు రిజిస్టరులో పేరు తప్పు రాస్తే దిద్దించుకోవడానికి తిరిగే స్త్రీ ఎంత మందికి కనబడింది? మనకీ ఫర్యాదే కావాలి. అది బాగా పండుతుంది, చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నా రెండు నోట్‌బుక్కుల గురించి చెప్పాను కదా, అదే జబ్బు.

నిరుడు చలికాలంలో మా బాటనీ ఆపా ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. రిటైర్మెంట్‌కి ఇంకా ఆరేళ్ళుంది. ఉర్దూలో రెండు పేజీలు రాసుకొచ్చింది, ఏ సంవత్సరం ఎన్ని ట్రిప్పులు, ఎవరెవరు వెళ్ళారు, ఏ తేదీన తను అడిగింది, ఏం జవాబొచ్చింది, అన్నీ వరుసగా. ఇంత లెక్క ఆమె దగ్గర ఉందని నాకు తెలీదు. తెలుగు చెయ్యమంది. పైన ఆమె ‘దర్ఖాస్త్’ అని పెట్టింది. నేను అలవాటుగా ‘విజ్ఞప్తి’ అని రాశాను. మొదటి వాక్యంలో ‘మేము’ అని కూడా రాశాను.

ఆపా కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఆమె తెలుగు నెమ్మదిగా చదువుతుంది, వేలు పెట్టి. ‘మేము’ దగ్గర వేలు ఆపి, “యే మైఁ హూఁ, అకేలీ” అంది. అది దిద్దాను. తర్వాత వేలు పైకి తీసుకెళ్ళి, విజ్ఞప్తి అంటే ఏమిటని అడిగింది. గుజారిష్ అన్నాను. కాసేపు ఆలోచించి, పోలీసు స్టేషన్‌లో ఇచ్చేదాన్ని తెలుగులో ఏమంటారని అడిగింది. చెప్పాను. నవ్వింది. “అరే, యే తో హమారాచ్ లఫ్జ్ హై” అంది, ఇది మన మాటే కదా అని. పెన్ను తీసుకుని విజ్ఞప్తిని కొట్టేసి, ‘ఫిర్యాదు’ అని తనే రాసింది. ‘ర్యా’ దగ్గర ఒత్తు ఎటు తిప్పాలో నన్నడిగింది.